ఏడాది ప్రణాళిక వేయడం ఎలా? ఒక ఆవకాయ వ్యాపారం లెక్కతో అడుగడుగునా

చిన్న వ్యాపారాలకు లెక్కలు రాసిపెట్టడం నా పని. సంక్రాంతి వెళ్లగానే ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు: "ఈసారైనా పద్ధతిగా ప్రణాళిక వేసుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, ఒక వ్యాపారాన్ని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ లెక్క వేసి చూపిస్తాను.

ఆవకాయను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఏడాది పొడవునా అమ్మే సరుకును మూడు నాలుగు వారాల్లో తయారు చేయాలి. తప్పు చేస్తే మళ్లీ వేసవి దాకా దిద్దుకునే వీలుండదు. ఈ లెక్క చేతికి వస్తే బట్టల దుకాణానికైనా, క్యాటరింగ్‌కైనా అదే వరస పనికొస్తుంది.

ఇందులోని ధరలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మీ ఊరి ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి.

## 1. కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

జ్ఞాపకం మీద ఆధారపడి ప్రణాళిక వేయకండి. బాగా అమ్మిన నెలలే మనకు గుర్తుంటాయి. ఇవన్నీ బల్ల మీద ఉన్నాకే మొదలుపెట్టండి:

- నిరుడు నెలవారీగా ఎన్ని కిలోలు అమ్మారో, మొత్తం మీద ఎంత మిగిలిపోయిందో
- రావలసిన బాకీలు, అవి ఎన్ని రోజులుగా ఆగాయో
- సరుకు కొన్న బిల్లులు, వాటి మీది తేదీలు
- నిరుటి ఫిర్యాదులు: ముక్క మెత్తబడింది, ఉప్పు ఎక్కువైంది, మూత లీకైంది
- ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ) నమోదు లేదా లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో
- ఈ రోజు చేతిలో, బ్యాంకులో ఉన్న డబ్బు

ఇది మొదటి ఏడాదైతే పాత లెక్కలు ఉండవు. అప్పుడు ఆవకాయ కొంటామన్నవారి పేర్లు, ఎన్ని కిలోలు కావాలన్నారో రాసుకోండి. "బాగుంది, పెట్టండి" అన్నవారిని లెక్కలోకి తీసుకోకండి. ముందుగా కొంత డబ్బు ఇచ్చినవారిని మాత్రమే రాయండి.

## 2. లక్ష్యాన్ని కిలోల్లో, తేదీతో రాయండి

"ఈసారి వ్యాపారం పెంచాలి" అనేది కోరిక. "ఫిబ్రవరి నెలాఖరుకు 1,000 కిలోల ఆవకాయ అమ్మాలి" అంటే లక్ష్యం. మొదటిదాన్ని సాధించామో లేదో ఎవరూ చెప్పలేరు.

ఎంత పెట్టగలం అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఎవరు కొంటారన్న దగ్గర మొదలుపెట్టండి. మన ఉదాహరణలో లెక్క ఇలా వచ్చింది:

- పాత ఖాతాదారులు 180 ఇళ్లు, ఇంటికి రెండున్నర కిలోలు: 450 కిలోలు
- దుకాణాలు 5, ఒక్కోదానికి 70 కిలోలు: 350 కిలోలు
- విదేశాలకు పట్టుకెళ్లేవారు, శుభకార్యాలు: 200 కిలోలు

ఈ మూడింటిలో చివరిది నమ్మకం తక్కువైన అంకె. దాని పక్కన ఒక గుర్తు పెట్టుకోండి. తర్వాతి అడుగులో దానితో పని ఉంది.

నెలవారీగా కూడా పంచాలి. జూన్ 200, జులై 180, ఆగస్టు 160, సెప్టెంబరు 100, అక్టోబరు 90, నవంబరు 80, డిసెంబరు 70, జనవరి 70, ఫిబ్రవరి 50. మొదటి మూడు నెలల్లోనే సగానికి పైగా పోవాలి. కొత్త ఆవకాయ రుచి కోసం కొనేవారు, ఆగస్టులో అమెరికా చదువులకు బయలుదేరే పిల్లల తల్లిదండ్రులు అప్పుడే వస్తారు.

## 3. ఊహలను విడిగా ఒక కాగితం మీద పెట్టండి

చాలామంది వదిలేసే అడుగు ఇదే. ప్రణాళికలోని ప్రతి అంకె వెనక ఒక ఊహ ఉంటుంది. ఊహ రాసి ఉంటే, అది తప్పిన రోజే తెలుస్తుంది. రాయకపోతే ఏడాది చివర నష్టంలో తెలుస్తుంది.

ఒక్కో ఊహకు నాలుగు విషయాలు రాయండి: ఏమనుకుంటున్నాం, ఏ గీత దాటితే ఆ ఊహ తప్పినట్టు, దాటితే ఏం చేస్తాం, ఎవరు గమనిస్తారు.

- నువ్వుల నూనె కిలో రూ. 350. గీత: 400. దాటితే ఆవకాయ ధర కిలోకు రూ. 12 పెంచుతాం. గమనించేది: కొనుగోళ్లు చూసేవారు, వారానికోసారి.
- మామిడికాయ కిలో రూ. 40. గీత: 60. దాటితే రెండో విడత కాయ సగానికి తగ్గిస్తాం.
- దుకాణాలు 45 రోజుల్లో డబ్బిస్తాయి. గీత: 60 రోజులు. దాటితే పాత బాకీ తీరేదాకా కొత్త సరుకు ఇవ్వం.
- విదేశాలకు వెళ్లేవారు, శుభకార్యాలవారు 200 కిలోలు కొంటారు. గీత: మే 10 నాటికి కనీసం 80 కిలోలకు ముందస్తు సొమ్ము రావాలి. రాకపోతే 1,000 బదులు 850 కిలోలే పెడతాం.

చివరి ఊహను గమనించండి. మామిడికాయ కొనక ముందే నిర్ణయం తీసుకునే వీలు ఉండేలా ఆ తేదీ పెట్టాం. గీత దాటాక చేయడానికి ఏమీ మిగలకపోతే ఆ గీతకు అర్థం లేదు.

నూనె ధర పెరిగిందని చౌక నూనె కలపడం ఈ జాబితాలో ఎప్పుడూ ఉండకూడదు. లేబుల్ మీద నువ్వుల నూనె అని రాశాక సీసాలో ఉండేది అదే కావాలి.

## 4. కదలని తేదీ పట్టుకుని వెనక్కి రండి

మనం కదపలేని తేదీ ఒకటుంది. పుల్లగా, గట్టిగా, టెంక కట్టిన కాయ వేసవిలోనే దొరుకుతుంది. వాన పడితే కాయలో, గాలిలో తేమ చేరుతుంది, ముక్కకు బూజు భయం. అందుకని రోహిణి కార్తె దాటకుండా, మృగశిర రాకముందే కలపడం అయిపోవాలి. చివరి విడతకు మే 25 పెట్టుకుందాం. అక్కడి నుంచి వెనక్కి:

- మే 28: చివరి విడత మూడో రోజు తిరగకలపడం
- మే 25: చివరి విడత కాయ కొట్టడం, కలపడం
- మే 12: మొదటి విడత
- మే 10: ఎంత పెట్టాలో తుది నిర్ణయం
- మే 8: కాయ కొట్టేవారికి, తుడిచేవారికి ముందస్తు సొమ్ము
- ఏప్రిల్ 30: నూనె, ఉప్పు, ఆవపిండి, కారం, మెంతిపిండి గదిలో ఉండాలి
- ఏప్రిల్ 10: మిరపకాయలు తొడిమలు తీసి, ఎండబెట్టి, మరకు పంపడం
- మార్చి: మిరపకాయలు, ఆవాలు కొనడం
- జనవరి: అప్పు కావాలంటే బ్యాంకుకు దరఖాస్తు

మిరపకాయ మార్చిలోనే కొనమనడానికి కారణం, గుంటూరు యార్డుకు కొత్త పంట ధారాళంగా వచ్చే కాలం అది. వేసవిలో యార్డుకు సెలవులు ఇస్తారు. అప్పుడు చిల్లర ధరే గతి.

ఏప్రిల్ 30 తేదీ దగ్గర నేను పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. కొన్నేళ్ల కిందట మా బంధువుల ఇంట్లో ఒక విడతకు లెక్కలు నేనే చూశాను. పొద్దున ఆరుకు కత్తుల చప్పుడు మొదలైంది. మధ్యాహ్నానికి 180 కిలోల ముక్కలు, జీడి తీసి, టెంక లోపలి పొర గీకి, తెల్లని పంచెల మీద పరిచి ఉన్నాయి. నూనె మాత్రం రాలేదు. తెచ్చే బండి దారిలో ఆగిపోయింది, వచ్చేది మర్నాడు సాయంత్రమన్నారు. ఉప్పు, కారం, ఆవపిండి కలిపి ఉంచాం. నూనె పడేసరికి అడుగున నీరు చేరింది. ఆ విడత ముక్క నెల తిరక్కుండానే మెత్తబడింది. రుచి బాగానే ఉంది, కానీ కొరికితే టెంక దగ్గర కరకర లేదు. తిన్నవారికి వెంటనే తెలిసిపోయింది.

నూనె ఆలస్యం కావడం మన చేతిలో లేదు. నూనె కంటితో చూడకముందే కాయ కొట్టించడం మాత్రం మా తప్పే. అప్పటి నుంచి నా ప్రణాళికల్లో ఒక వాక్యం తప్పనిసరి: అన్నీ గదిలో కనిపించాకే కాయకు ఫోను చేయాలి.

మీ వ్యాపారంలో కూడా ఇలాంటి పని ఒకటి ఉంటుంది. మొదలుపెట్టాక ఆపలేనిది. దాన్ని గుర్తించి, ముందు ఏమేం సిద్ధంగా ఉండాలో దాని పక్కనే రాయండి.

## 5. సరుకు లెక్క తూకంలో వేయండి

ఇంట్లో గ్లాసులతో, గిద్దెలతో కొలుస్తాం. వ్యాపారానికి తూకమే పనికొస్తుంది. పిండి ఎంత మెత్తగా ఉందో దాన్నిబట్టి గ్లాసులో పట్టే బరువు మారిపోతుంది.

1,000 కిలోలకు ఒక లెక్క:

- ముక్కలు 500 కిలోలు. తొడిమ, జీడి, పాడైన కాయ పోను నాలుగో వంతు తరుగు వేస్తే కాయ 670 కిలోలు: రూ. 26,800
- కారం 100 కిలోలు, కిలో రూ. 300: రూ. 30,000
- ఆవపిండి 100 కిలోలు, కిలో రూ. 140: రూ. 14,000
- ఉప్పు 90 కిలోలు, మెంతిపిండి 5 కిలోలు: రూ. 2,750
- నువ్వుల నూనె 225 కిలోలు, కిలో రూ. 350: రూ. 78,750
- కూలి 30 పనిదినాలు, రోజుకు రూ. 600: రూ. 18,000

మొత్తం రూ. 1,70,300. తూకం 1,020 కిలోలు వస్తుంది. పాత్రలకు అంటుకునేది, రుచి చూపించేది పోను 1,000 అనుకోవచ్చు.

దీనికి తోడు అరకిలో సీసాలు, 5 శాతం అదనంతో 2,100 (రూ. 31,500), లేబుళ్లు (రూ. 6,300), పెట్టెలు, రవాణా (రూ. 20,000). ఇది రూ. 57,800.

ఏడాదికి అద్దె, కరెంటు రూ. 60,000. మీ జీతం నెలకు రూ. 6,000 చొప్పున రూ. 72,000. "నా ఇంటి పనేగా" అని జీతం వదిలేయకండి. రేపు మీకు జ్వరం వస్తే ఆ పనికి మనిషిని పెట్టాలి, ఊరికే ఎవరూ రారు.

అంతా కలిపి రూ. 3,60,100. దుకాణాల కమిషన్ పోను సగటున కిలోకు రూ. 400 చేతికి వస్తే, మొత్తం అమ్ముడుపోయినప్పుడు మిగిలేది రూ. 39,900.

## 6. ఎన్ని కిలోలు అమ్మితే గట్టెక్కుతాం?

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. పాఠ్యపుస్తకంలో ఉన్న లెక్కను ఆవకాయకు నేరుగా వాడితే దెబ్బతింటాం.

పుస్తకం లెక్క ప్రకారం కిలోకు అయ్యే మారే ఖర్చు (సరుకు, కూలి, సీసాలు, లేబుళ్లు, రవాణా) రూ. 228. కిలోకు మిగిలేది రూ. 172. స్థిర ఖర్చు (అద్దె, కరెంటు, మీ జీతం) 1,32,000ను 172తో భాగిస్తే 767 కిలోలు. అంటే 767 కిలోలు అమ్మితే చాలు, నష్టం లేదు అనిపిస్తుంది.

కానీ ఈ లెక్క, అమ్మినంతే తయారు చేసేవారికి సరిపోతుంది. టిఫిన్ సెంటర్ ఈ రోజు గిరాకీ తగ్గితే రేపు పిండి తక్కువ రుబ్బుతుంది. ఆవకాయ అలా కాదు. మే నెలాఖరుకే మొత్తం 1,000 కిలోల ఖర్చు పెట్టేశాం. అమ్మకపోయినంత మాత్రాన కాయ డబ్బు, నూనె డబ్బు వెనక్కి రావు.

కాబట్టి మొత్తం ఖర్చు 3,60,100ను 400తో భాగించాలి. గట్టెక్కాలంటే 900 కిలోలు అమ్మాలి.

సీసాలు, లేబుళ్లు, పెట్టెలు ఒకేసారి కొనకుండా, రవాణాతో సహా అమ్మకాన్నిబట్టి విడతలుగా ఖర్చు పెడితే ఈ అంకె 884కు తగ్గుతుంది. తగ్గింది 16 కిలోలే అయినా, మే నెలలో చేతిలో ఉండే డబ్బుకు ఇది పెద్ద ఊరట.

ఇంకో పోలిక చూడండి. కాయ ధర 40 నుంచి 60కి పెరిగితే మన మీద పడేది రూ. 13,400. చివరి 100 కిలోలు మిగిలిపోతే, వాటి సీసా, రవాణా ఖర్చు తప్పినా, రూ. 34,000కు పైగా పోతుంది. కాయ దగ్గర రూపాయి కోసం గంటసేపు బేరమాడేవారు, ఈ చివరి 100 కిలోలు ఎవరికి అమ్మాలో ఐదు నిమిషాలు కూడా ఆలోచించకపోవడం చాలాసార్లు చూశాను. శ్రద్ధ పెట్టాల్సింది అక్కడ.

## 7. నెలవారీ నగదు లెక్క

లాభం ఉన్నంత మాత్రాన డబ్బు చేతిలో ఉన్నట్టు కాదు. నెలకు స్థిర ఖర్చు రూ. 11,000 వేసి చూడండి:

- మార్చి: మిర్చి, ఆవాలు 44,000 + 11,000. అప్పటికి రూ. 55,000
- ఏప్రిల్: నూనె, ఉప్పు, మెంతి 81,500 + 11,000. అప్పటికి రూ. 1,47,500
- మే: కాయ, కూలి 44,800, మొదటి 500 సీసాలు, లేబుళ్లు 9,000, స్థిర ఖర్చు 11,000. అప్పటికి రూ. 2,12,300

ఒక్క సీసా అమ్మకముందే రూ. 2,12,300 కావాలి. అనుకోనివాటికి పదో వంతు కలిపితే సుమారు రూ. 2,35,000. ఏడాది చివర మిగిలేది దాదాపు రూ. 40,000 అని గుర్తుంచుకుని ఈ అంకె చూడండి. అప్పు తెస్తే ఆ వడ్డీ కూడా ఇందులోంచే పోవాలి.

జూన్‌లో 200 కిలోలు అమ్మితే పుస్తకంలో రూ. 80,000 కనిపిస్తుంది. అందులో 35 శాతం దుకాణాలది. వారు 45 రోజులకు ఇస్తే జూన్‌లో చేతికి వచ్చేది రూ. 52,000. నగదు లెక్కలో ఈ అంకెనే రాయండి.

రెండు విషయాలు ఉపయోగపడతాయి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ పథకం కింద ఇచ్చే ముద్ర రుణాల్లో శిశు విభాగం రూ. 50,000 వరకే. మన అవసరానికి రూ. 5 లక్షల దాకా ఇచ్చే కిశోర్ విభాగం కింద అడగాలి. ఇక ఉద్యమ్ (చిన్న సంస్థల కోసం ప్రభుత్వం చేసే నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారుకు కొన్నవారు 45 రోజులకు మించకుండా డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం చెబుతోంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. ముందే చేసుకుని, ఆ నంబరును బిల్లు మీద వేయండి.

## 8. ఇంకో దారి కూడా రాసి చూడండి

ఒకే దారి రాస్తే ఎంచుకోవడానికి ఏమీ ఉండదు. ఉదాహరణకు ఆవకాయ 700 కిలోలకే ఆపి, చలికాలంలో ఉసిరి, చింతకాయ, పండుమిర్చి పచ్చళ్లు పెట్టడం. సరుకు, కూలి కింద మే నెలాఖరు నాటికి కావాల్సిన డబ్బు రూ. 51,000 దాకా తగ్గుతుంది. గది, మనుషులు ఏడాదంతా పనిలో ఉంటారు. దీని కష్టం కూడా రాయాలి: నాలుగు రకాల సరుకు, నాలుగు రకాల లేబుళ్లు, నాలుగుసార్లు కొనుగోలు.

నా అభిప్రాయం అడిగితే, మొదటి రెండేళ్లు ఈ రెండో దారే మంచిది. 180 ఇళ్ల ఖాతా ఇప్పటికే ఉన్నవారికి మొదటిది.

## 9. ప్రతి పనికీ ఒక పేరు

"మనం చూసుకుందాం" అన్న పని ఎవరూ చూడరు. అన్నదమ్ములైనా, భార్యాభర్తలైనా ప్రతి పని పక్కన ఒక్కరి పేరే రాయండి. ఆ పేరు పక్కన తేదీ, ఆ మనిషి ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టగల మొత్తం ఉండాలి. మార్కెట్లో నిలబడి ప్రతి వందకూ ఇంటికి ఫోను చేస్తుంటే మంచి కాయ వేరొకరి బండి ఎక్కుతుంది.

## 10. నెలకోసారి సమీక్ష

ప్రతి నెలా 5వ తేదీన అరగంట చాలు. మూడు అంకెలు పక్కపక్కన రాయండి: అనుకున్నది, జరిగింది, తేడా. తేడా పదో వంతు దాటితే ఒక నిర్ణయం రాసి తీరాలి.

అసలు పరీక్ష ఆగస్టు 31. అప్పటికి 540 కిలోలు పోవాలి. 450 దాటకపోతే సెప్టెంబరు మొదటి వారంలోనే కదలండి: పావుకిలో సీసాలు మొదలుపెట్టడం, దసరాకు అపార్టుమెంట్లలో బల్ల వేయడం, క్యాంటీన్లకు, హాస్టళ్లకు పెద్ద డబ్బాల్లో ఇవ్వడం. ఫిబ్రవరిలో ఇవే పనులు చేస్తే ఎవరూ కొనరు. అప్పటికి అందరూ కొత్త కాయ కోసం చూస్తుంటారు.

## 11. తరచూ జరిగే తప్పులు, సవరణలు

నిరుటి అంకెకు 20 శాతం కలిపేయడం. ఆ అదనపు కిలోలు ఎవరు కొంటారో పేర్లు రాయండి. రాయలేకపోతే కలపకండి.

ఒక్కరి దగ్గరే సరుకు. నూనెకు, సీసాలకు రెండో వ్యాపారి నంబరు, ధర ముందే తీసుకోండి. ఏడాదికి ఒకసారైనా వారి దగ్గర కొంత కొంటేనే అవసరానికి పలుకుతారు.

లేబుల్ చివర్లో గుర్తుకు రావడం. పదార్థాలు, నికర బరువు, ధర, తయారీ తేదీ, ఎన్నాళ్లలోపు వాడాలో, బ్యాచ్ నంబరు, చిరునామా, శాకాహార గుర్తు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, పోషక విలువలు సరిచూసి ఏప్రిల్‌లోనే అచ్చుకివ్వండి. తేదీ, బ్యాచ్ చోటు ఖాళీగా ఉంచి ముద్ర వేసుకోవచ్చు.

ప్రణాళిక ఒక్కరి బుర్రలోనే ఉండటం. ఒక పెద్ద కాగితం మీద తేదీలు రాసి, కలిపే గది గోడకు అంటించండి. కాయ తుడిచే మనిషి కూడా చదవగలగాలి.

మధ్యలో అంకెలు దిద్దేయడం. అనుకున్న అంకెను చెరపకండి. కొత్త అంకెను పక్కన వేరే రంగుతో రాయండి. ఎక్కడ తప్పుగా ఊహించామో ఏడాది చివర ఆ రంగే చూపిస్తుంది.

## 12. కాయకు ఫోను చేసే ముందు చివరి తనిఖీ

- నూనె, కారం, ఆవపిండి, ఉప్పు, మెంతిపిండి తూచి, గదిలో ఉన్నాయి
- జాడీలు, డ్రమ్ములు కడిగి, ఎండలో ఆరబెట్టి, తడి లేదని చేత్తో తడిమి చూశాం
- కాయ కొట్టేవారు, తుడిచేవారు వస్తామని నిన్న సాయంత్రం మళ్లీ చెప్పారు
- కత్తులు పదును పెట్టించాం, పంచెలు ఉతికి ఆరేశాం
- రాబోయే మూడు రోజుల వాతావరణం చూశాం
- కూలికి ఇవ్వాల్సిన నగదు చిల్లరతో సహా ఇంట్లో ఉంది
- మే 10 నిర్ణయం ప్రకారం ఎన్ని కిలోల కాయో కాగితం మీద రాసి ఉంది

ఏడింటికీ టిక్కు పడ్డాక ఫోను చేయండి. మూడో రోజు తిరగకలిపేటప్పుడు ఎంత తూగిందో, ఎంత నూనె పట్టిందో గోడ మీది కాగితంలోనే రాసేయండి. వచ్చే జనవరిలో మొదటి అడుగుకు కావాల్సిన మొదటి కాగితం అదే.